చేపకు ఈత బలమా, మేత బలమా?

కార్తీకంలో వానలు గట్టిగా పడి చెరువు మొరవ (అలుగు) పోతోందంటే చిత్తూరు, తిరుపతి పల్లెల్లో బుట్టలు, పాత చీరలు, దోమతెరలు బయటికి వస్తాయి. చేపలు ఎదురెక్కే సమయం అది. మొరవ రాళ్ళ మీద జానెడు లోతు నీళ్ళు నురగలు కక్కుతూ జారుతుంటాయి. కిందినుంచి వచ్చిన చేప తలను సూటిగా ప్రవాహానికి పెట్టి, తోకను రెండు మూడుసార్లు విదిలించి ఒక రాతి చాటుకు చేరుతుంది. అక్కడ ఆగుతుంది. మొప్పలు గబగబా కొట్టుకుంటాయి. కాసేపటికి మళ్ళీ ఒక్క విదిలింపు, ఇంకో రాయి. అలా మూడు నాలుగు మజిలీలు చేసి పైకెక్కేది కొన్నే. మిగతావి అలిసిపోయి వెనక్కి జారి బుట్టలో పడతాయి.

పెంపకం చెరువులో ఈ దృశ్యం ఉండదు. నీళ్ళు నిలకడగా ఉంటాయి, మేత వేళకు వస్తుంది, చేప దాని దగ్గరికి పోయి తిని పక్కకు జరుగుతుంది. ఒళ్ళు చేసేది ఇలా సుఖంగా తిని తిరిగే చేపా, ఒళ్ళు వంచి ఈదే చేపా? పొట్టేళ్ళ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. తిప్పితే ఒళ్ళు తగ్గుతుంది, కట్టేసి మేపితే పెరుగుతుంది. చేపల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క కొన్నిసార్లు తిరగబడుతుంది. ఎదురీదిన చేపే ఎక్కువ పెరుగుతుంది, పైగా అదే మేతతో. అయితే అన్ని చేపలూ అలా కాదు, అన్ని నీళ్ళలోనూ అలా కాదు. తేడా ఎక్కడుందో తెలియకుండా నీళ్ళు తిప్పే మోటార్లు కొంటే కరెంటు బిల్లు తప్ప ఏదీ పెరగదు.

కత్తి కింద కనిపించే రెండు కండలు

తిరుపతి చేపల మార్కెట్లో రెండు కిలోల బొచ్చెను అడ్డంగా ముక్కలు కొట్టేటప్పుడు ఒక్క నిమిషం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. వెన్నెముకకు రెండు పక్కలా మందంగా ఉన్నది తెల్లటి కండ. చర్మానికి ఆనుకుని, సరిగ్గా ఒంటి పక్క గీత కింద, వేలి వెడల్పున ముదురు ఎరుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. కొందరు దాన్ని గడ్డకట్టిన నెత్తురు అనుకుని గీకించేస్తారు. అది నెత్తురు కాదు, వేరే రకం కండ.

ఎర్ర కండ నిదానస్తురాలు. రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, ఆక్సిజన్ వాడుకుని ఎక్కువగా కొవ్వును మండించి గంటల తరబడి పనిచేస్తుంది. మామూలు ఈత అంతా దాని మీదే నడుస్తుంది. తెల్ల కండ విదిలింపులకు పనికొస్తుంది. కొంగ పైకి దూకినప్పుడు, వల చుట్టుముట్టినప్పుడు, మొరవ రాళ్ళు ఎక్కేటప్పుడు అది రంగంలోకి దిగుతుంది. అప్పుడు ఆక్సిజన్ కోసం ఆగదు, దాచుకున్న చక్కెర నిల్వ గ్లైకోజెన్‌ను క్షణాల్లో ఖర్చుచేసి లాక్టిక్ ఆమ్లాన్ని మిగులుస్తుంది. ఆ అలసట తీరడానికి గంటలు పడుతుంది. తమాషా ఏమిటంటే మనం డబ్బులిచ్చి కొనేది దాదాపుగా ఈ తెల్ల కండనే, కానీ రోజువారీ ఈతలో కష్టపడేది మాత్రం ఆ సన్న ఎర్ర పట్టీ.

చేపకు ఇంకో విశేషం ఉంది. కోడికైనా మేకకైనా కండపోగుల సంఖ్య పుట్టే నాటికి దాదాపు ఖాయమైపోతుంది, ఆ తర్వాత ఉన్న పోగులే లావెక్కుతాయి. పెద్దగా పెరిగే చేప జాతుల్లో మాత్రం చాలాకాలం పాటు కొత్త పోగులు పుడుతూనే ఉంటాయి. అందుకే చేప ఎదుగుదలకు గీత గీసినట్టు ఆగే వయసంటూ లేదు. మేత, నీళ్ళు, వెచ్చదనం దొరికినంత కాలం ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. వ్యాయామం ప్రభావం కూడా చేపలో ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. కదలిక, మేత కలిసినప్పుడు ఉన్న పోగులు లావెక్కడమే కాదు, కొత్తవి చేరే వీలూ ఉంది.

చల్లటి దేశాల్లో సాల్మన్, ట్రౌట్ పెంచేవాళ్ళు దీన్ని దశాబ్దాలుగా వాడుకుంటున్నారు. గుండ్రటి తొట్లలో నీటిని తిప్పి చేపలను దానికి ఎదురీదనిస్తారు. వేగాన్ని శరీర పొడవుల్లో కొలుస్తారు. సెకనుకు ఒక ఒంటి పొడవు నుంచి ఒకటిన్నర దాకా ఉన్న ప్రవాహంలో ఈ జాతులు నిలవ నీటిలో కంటే బాగా పెరిగాయని, అదే మేతను మరింత పొదుపుగా వాడుకున్నాయని చాలా ప్రయోగాల్లో తేలింది. ఆ వేగం ఎంతో ఒక లెక్క వేసి చూడవచ్చు. ఇరవై సెంటీమీటర్ల చేప సెకనుకు ఒక ఒంటి పొడవు చొప్పున రోజంతా ఈదితే 17 కిలోమీటర్లు దాటుతుంది. అలిపిరి నడకదారి సుమారు 9 కిలోమీటర్లు అనుకుంటే, ఆ చేప రోజూ ఒకసారి కొండెక్కి దిగుతున్నట్టే. అంత నడిచినా చిక్కకుండా ఒళ్ళు చేస్తోందంటే ఎక్కడో ఏదో మిగలాలి.

మిగిలేది ప్రధానంగా రెండు చోట్ల. మొదటిది కొట్లాట. నిలవ నీటి తొట్టిలో బలమైన చేప ఒక మూలను ఆక్రమించి, దగ్గరికొచ్చినదాన్నల్లా తరుముతుంది, మేత మీద పెత్తనం చేస్తుంది. బలహీనమైనవి భయంతో సరిగా తినవు. నీళ్ళు పారడం మొదలైతే అన్నీ ఒకే దిక్కుకు తల పెట్టి బారుగా నిలబడతాయి. మెట్లెక్కే జనంలో ఆగి తగువు పెట్టుకునేవాళ్ళు తక్కువ కదా, ఇదీ అంతే. తరుముడు తగ్గితే ఊరికే పోయే విదిలింపులు తగ్గుతాయి, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఎదుగుతాయి. రెండోది ఇంధనం మార్పు. నిదానపు ఈతకు ఎర్ర కండ కొవ్వును మండిస్తుంది. ఆ మేరకు మేతలోని ప్రొటీన్ శక్తి కోసం కాలిపోకుండా కండ కట్టడానికి మిగులుతుంది. దీనికి తోడు గుండె బలపడుతుంది, ఆకలి పెరుగుతుంది, కండ గట్టిపడుతుంది. ఏటి చేప ముక్క విరిగిపోకుండా నిలబడుతుందని, చెరువు చేప ముక్క పులుసులో చెదిరిపోతుందని ఇళ్ళలో అనుకునే మాట ఉత్త మురిపెం కాదు.

వేగం పెంచుకుంటూ పోతే మాత్రం బోల్తా పడుతుంది. వేగం రెండింతలైతే నీటి అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి అయ్యే శక్తి ఎనిమిదింతల దాకా పోతుంది. ఒక హద్దు దాటాక ఎర్ర కండ చాలక తెల్ల కండ కలుగజేసుకుంటుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, చేప అలిసిపోయి జాలీకి అతుక్కుంటుంది. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల ప్రవాహం ముప్పై సెంటీమీటర్ల శీలావతికి షికారు లాంటిది, దాని ఒంటి పొడవులో మూడింట రెండు వంతులే. అదే నీళ్ళలో అయిదు సెంటీమీటర్ల పిల్లను వదిలితే దానికి సెకనుకు నాలుగు ఒంటి పొడవులు. పెద్ద చేపకు వ్యాయామమైనది పిల్లకు శిక్ష. పిల్లలను పెంచే నర్సరీ గుంటలో పెద్ద ఏరేటర్ (నీళ్ళకు గాలి పట్టించే యంత్రం) తిప్పి, మర్నాడు పొద్దున గట్టున చేరిన చచ్చిన పిల్లలను చూసి సీడ్ (కొన్న చేపపిల్లలు) మంచిది కాదని తిట్టుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

కొరమీను మొత్తం లెక్కను తిప్పేస్తుంది

తొట్లలో పెంపకం అనగానే ఈ వైపు చాలామంది మొదట తలచుకునేది కొరమీను. ధర బాగుంటుంది, బతికుండగా అమ్ముకోవచ్చు. కానీ దానికీ ట్రౌట్‌కూ పోలికే లేదు. కొరమీను మాటు వేసి పట్టే చేప. గడ్డి చాటున కదలకుండా ఉండి, ఎర దగ్గరికొచ్చినప్పుడు ఒక్క దూకు దూకుతుంది. ప్రవాహంలో గంటలకొద్దీ నిలబడే ఒళ్ళు కాదు దానిది. పైగా అది గాలి పీల్చే చేప. మొప్పలు ఒక్కటే చాలవు, కొద్దికొద్దిసేపటికి పైకొచ్చి గాలి మింగకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది.

అంటే కొరమీనుకు తప్పనిసరి వ్యాయామం ఒకటుంది, అది నిలువు ఈత. 1970లలో మదురైలో టి.జె. పాండియన్, ఇ. వివేకానందన్ ఈ జాతి పిల్లలను వేర్వేరు లోతుల నీళ్ళలో పెంచి చూశారు. లోతు పెరిగేకొద్దీ గాలి కోసం పైకీ కిందికీ తిరిగే దూరం పెరిగింది, ఆ ఈతకే మేత శక్తి ఖర్చయింది, పెరుగుదల తగ్గింది. లోతు తక్కువ నీళ్ళలో ఉన్నవి అదే మేతతో ఎక్కువ పెరిగాయి. తిన్న చేపలకు అరుగుదల కోసం ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి అవి పస్తున్న వాటికంటే ఎక్కువసార్లు పైకి రావాల్సి వస్తుంది కూడా. ఇక్కడ మేత, ఈత ఒకదానికొకటి సాయం చేసుకోవడం లేదు, ఒకదాని జేబులో ఒకటి చెయ్యి పెడుతున్నాయి.

నర్సరీ దశలో కొరమీను పిల్లలకు నీళ్ళు తక్కువ లోతులో ఉంచమని చెప్పడానికి వెనుక ఉన్న కారణం ఇదే. పిల్ల ఎదిగేకొద్దీ లోతు పెంచుకోవచ్చు. బొచ్చె కోసం ఆలోచించిన తొట్టిని అలాగే కొరమీనుకు వాడితే ఈ ఖర్చు కంటికి కనపడదు, మేత బస్తాల లెక్కలో మాత్రం తేలుతుంది.

ఎకరా చెరువులో ఉన్నది ముప్పై కిలోల ఊపిరి

నిజానికి మేతకూ ఈతకూ మధ్య తగువంతా ఆక్సిజన్ దగ్గరే. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్ళు పట్టుకోగలిగే ఆక్సిజన్ సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. అదే లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ కొంచెంలోంచే చేప బతకాలి, అరిగించుకోవాలి, ఈదాలి. మొప్పలు గంటకు లాగగలిగే ఆక్సిజన్‌కు ఒక పై హద్దు, ఊరికే బతకడానికి కావలసిన ఒక కింది హద్దు ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యవధిలోనే చేప చేసే పనులన్నీ ఇమడాలని కెనడా శాస్త్రవేత్త ఎఫ్.ఇ.జె. ఫ్రై 1947లోనే చూపించాడు. కడుపు నిండా మేసిన తర్వాత చేప వాడే ఆక్సిజన్ దాదాపు రెండింతలవుతుంది, కొన్ని గంటలపాటు అలాగే ఉంటుంది. ఆ సమయంలో గట్టిగా ఈదించామంటే అరుగుదలకు పోవాల్సిన వాటాను ఈత లాక్కుంటుంది.

ఒక ఎకరా చెరువు, మీటరున్నర లోతు అనుకుందాం. సుమారు ఆరు వేల ఘనపు మీటర్ల నీళ్ళు. లీటరుకు అయిదు మిల్లీగ్రాముల డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ఉంటే ఆ చెరువు మొత్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ ముప్పై కిలోలే. అందులో రెండు టన్నుల చేప ఉందనుకుంటే, కిలోకు గంటకు 300 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటల రాత్రికి ఏడు కిలోల పైచిలుకు వాడుకుంటుంది. ఇది మామూలు రోజు లెక్క, సాయంత్రం పొద్దుపోయాక దండిగా మేత వేసిన రోజు ఇంకా ఎక్కువ. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ఆకుపచ్చ నాచు రాత్రి అదే ఆక్సిజన్‌ను తిరిగి తీసుకుంటుంది, అడుగు బురద తీసుకుంటుంది, మిగిలిపోయిన మేత కుళ్ళుతూ తీసుకుంటుంది. చేపకంటే ఇవన్నీ కలిసి వాడేదే ఎక్కువ. అందుకే తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుచుకుంటాయి. మబ్బు పట్టిన రోజు తెల్లారి మరీ.

ఇలాంటి చెరువులో వ్యాయామం గురించి మాట్లాడటమే తొందరపాటు. డీఓ లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే కిందికి పోయిన నీళ్ళలో చేప మేతను సరిగా ముట్టదు, ముట్టినా ఒంటికి పట్టదు. అక్కడ ఏరేటర్ చేసే మేలంతా ఆక్సిజన్ వల్లనే, ప్రవాహం వల్ల కాదు. సూళ్ళూరుపేట, తడ వైపు తీరంలో వెనామీ రొయ్యల చెరువుల్లో చక్రాల ఏరేటర్లను ఒక వరసలో పెట్టి నీటిని గుండ్రంగా తిప్పేది కూడా రొయ్యను ఈదించడానికి కాదు. వ్యర్థాలన్నీ మధ్యలో ఒకచోట చేరి గట్ల పక్కన మేత పడే చోటు శుభ్రంగా ఉంటుందని. చేప చెరువు రైతు ఆ ఏర్పాటును చూసి వచ్చి 'నీళ్ళు తిరిగితే చేప పెరుగుతుంది' అని అర్థం చేసుకోవడం మామూలే. పెరిగేది నిజమే కావచ్చు, కారణం వేరు.

మేత వేళ మార్చుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. పొద్దున ఆరింటికే మేత వేయడం మనిషికి వీలు, చేపకు కాదు. ఎండ ఎక్కి, నాచు పని మొదలుపెట్టి, డీఓ లేచే తొమ్మిది, పది గంటలకు వేస్తే అరుగుదల భారమంతా పగటి ఆక్సిజన్ మీద పడుతుంది. రెండో విడత నాలుగింటికల్లా అయిపోవాలి. పగలంతా మబ్బుగా ఉంటే సగం తగ్గించాలి, అంతే.

పొట్టలో వెన్నముద్ద ఎక్కడిది?

మళ్ళీ మార్కెట్ దగ్గరికే. బొచ్చె పొట్ట చీల్చగానే కొన్నింటిలో పేగుల చుట్టూ వెన్నముద్దలా తెల్లటి కొవ్వు కనిపిస్తుంది. కొనేవాడు బరువులో దానికీ డబ్బు కట్టాడు, ఇంటికి పట్టుకెళ్ళేది మాత్రం లేదు. రైతు కూడా దానికి మేత ఖర్చు పెట్టాడు. శక్తి ఎక్కువై, ప్రొటీన్ తక్కువైన మేత, దానికి తోడు కదలిక లేని జీవితం ఇలా తేలుతుంది.

మన మంచినీటి చెరువుల మేతకు ఆధారం తవుడు. నూనె తీసిన తవుడులో ప్రొటీన్ 15 శాతం అటూ ఇటూ ఉంటుంది. పెరిగే దశలో బొచ్చెకు, శీలావతికి కావలసింది 25 నుంచి 30 శాతం, పిల్ల దశలో ఇంకా ఎక్కువ. ఆ తేడాను పూడ్చేది గింజల నూనె తీశాక మిగిలే చెక్క. వేరుశనగ పండే ఈ ప్రాంతంలో వేరుశనగ చెక్కకు కొరత లేదు, అందులో ప్రొటీన్ 40 శాతం పైనే. లోపం ఎక్కడంటే, అందులో లైసిన్, మెథియొనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు తక్కువ. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు కుప్పలుగా ఉండి సిమెంటు చాలకపోతే గోడ అక్కడే ఆగుతుంది, కండ కట్టడమూ అంతే. మిగిలిపోయిన ప్రొటీన్ శక్తిగా కాలిపోయి, అమ్మోనియాగా మొప్పల గుండా నీళ్ళలోకి పోతుంది.

ఆ లోటు తీర్చగలిగే సరుకు పడమటి మండలాల్లోనే ఉంది. పలమనేరు, కుప్పం వైపు పట్టుగూళ్ళ పెంపకం ఉన్నందువల్ల దారం తీశాక మిగిలే పట్టుపురుగు ప్యూపా దొరుకుతుంది. ఎండబెట్టిన ప్యూపాలో సగానికి పైగా ప్రొటీనే, చెక్కలో తక్కువైన అమైనో ఆమ్లాలు ఇందులో బాగా ఉంటాయి. కాకపోతే నూనె కూడా ఎక్కువే. నిలవ ఉంటే ఆ నూనె కంపు కొడుతుంది, ఎక్కువ పాళ్ళలో వాడితే చేప మాంసానికీ వాసన పడుతుంది. మేతలో కొంత భాగంగా, అమ్మకానికి కొద్ది వారాల ముందు ఆపేసి వాడుకోవడం తెలివి. చెక్క విషయంలోనూ ఒక హెచ్చరిక ఉంది. తడి తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు చచ్చిపోయాక బయటపడిన విషం ఇదే, అది వచ్చింది వేరుశనగ మేతలోంచే. చేపకు ఇది నేరుగా కాలేయం మీద దెబ్బ. బర్రెలకు పెట్టలేని బూజు చెక్కను 'చెరువులో వేస్తే పోలా' అనుకోవడం బర్రె కంటే చేపను తక్కువ చేసినట్టు.

మేత ఎంత వేశామన్నదాని కంటే ఎలా వేశామన్నది కొన్నిసార్లు ముఖ్యం. బొచ్చె, శీలావతి, మోసు, బంగారుతీగ వీటన్నిటికీ అసలు కడుపు సంచే లేదు. గొంతు దాటిన మేత నేరుగా పొడవైన పేగులోకి పోతుంది. దాచుకునే చోటు లేని జీవికి ఒకేసారి దండిగా పెడితే అరక్కుండానే బయటికి పోతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తినేలా చేస్తేనే దానికి మేలు. కొల్లేరు చుట్టుపక్కల పాతుకుపోయిన సంచి మేత ఈ ఒంటికి సరిగ్గా సరిపోయిన పద్ధతి. అడుగున చిన్న రంధ్రాలు పొడిచిన ప్లాస్టిక్ సంచుల్లో తవుడు, చెక్క నింపి గడకర్రలకు కడతారు. చేప వచ్చి రంధ్రం దగ్గర మూతితో కుమ్ముతుంది, కాస్త రాలుతుంది, తింటుంది, పక్కకు పోయి మళ్ళీ వస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే సంచి సన్నగా వణుకుతూ కనిపిస్తుంది. ఆ వణుకు ఆగిపోయిందంటే మేత అయిపోయిందనో చేప ఆకలి పోయిందనో అర్థం. ఆలోచిస్తే ఇందులో కొంత ఈత కూడా ఉంది. సంచులను చెరువంతా విడివిడిగా కడితే చేప వాటి మధ్య తిరుగుతుంది. గట్టు పక్కనే నాలుగు సంచులు కట్టేస్తే బలమైనవి అక్కడే కాపురం పెడతాయి.

తేలే గుళికల మేత వేసేచోట ప్రొటీన్ సరిగా ఉంటుంది, తిన్నది లేనిదీ కంటికి కనిపిస్తుంది. ఎఫ్‌సీఆర్ ఒకటిన్నర దగ్గర నిలబెట్టవచ్చు, అంటే కిలోన్నర మేతకు కిలో చేప. చేప ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి శక్తి ఖర్చుపెట్టదు, నీళ్ళు మోస్తాయి గనుక నిలబడటానికీ ఖర్చు లేదు, అందుకే ఇంత పొదుపు సాధ్యం. కానీ రెండు టన్నుల చేపకు రెండు శాతం చొప్పున రోజుకు 40 కిలోల మేత వేస్తే, అందులోంచి రోజూ సుమారు కిలో అమ్మోనియా నత్రజని నీళ్ళలో కలుస్తుంది. మంచి మేత వేసిన ప్రతివాడూ ఈ కిలో ఎక్కడికి పోతోందో చూసుకోవాలి.

కరువు చెరువు, పస్తున్న పిల్ల

ఈ జిల్లాల చెరువులు చాలావరకు వాన మీద ఆధారం. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న టెన్షన్‌తో కింది పల్లెలను ఖాళీ చేయించారు. వాన మొహం చాటేసిన ఏడాది అలాంటి చెరువుల్లోనే నెర్రెలు చూస్తాం. నీళ్ళు నిలిచేది ఆరేడు నెలలు. ఆ వ్యవధిలో అంగుళం పిల్లను వదిలితే కిలో చేప రాదు. అందుకే ఏడాది పాటు కిక్కిరిసిన గుంటలో అరకడుపు మేతతో నిలవ ఉంచిన వంద, నూటయాభై గ్రాముల పిల్లను తెచ్చి వదులుతారు. ఆంధ్రలో చేపల రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇది. పస్తు నుంచి బయటపడిన చేప కొన్ని వారాలు విపరీతంగా తింటుంది, వయసుకు తగ్గ బరువును అందుకోవడానికి పరుగెడుతుంది. మేత ప్రభావానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. అయితే ఆ వారాల్లో తవుడు మాత్రమే పోస్తే పరుగెత్తేది కొవ్వు. ప్రొటీన్ దండిగా పెట్టాల్సింది సరిగ్గా అప్పుడే.

వేడి సంగతి కూడా మరవకూడదు. పలమనేరు రెండు వేల అడుగులకు పైన ఉంది, శ్రీకాళహస్తి మైదానంలో ఉంది. ఒకే సీడ్, ఒకే మేత, డిసెంబరు, జనవరిలో రెండు చోట్లా ఒకేలా పెరగవు. నీళ్ళు 20 డిగ్రీలకు దిగితే శీలావతి మేత తగ్గించేస్తుంది. పైన ఉన్న రైతు కింది రైతును చూసి బస్తాలు పోస్తే అది చెరువు అడుగున చేరుతుంది.

నెలకోసారి వల లాగితే చేపకు వ్యాయామమై బాగా పెరుగుతుందన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది. వల లాగడం వల్ల లాభాలు లేకపోలేదు. బరువు చూసుకోవచ్చు, జబ్బు కనిపెట్టవచ్చు, అడుగు బురద కదిలి చెడు గాలి బయటికి పోతుంది. కానీ అది వ్యాయామం కాదు, భయం. వలలో చేప చేసేదంతా తెల్ల కండ విదిలింపులే, మొరవ రాళ్ళ మీద చేసినట్టు. ఆ రోజు అది మేత ముట్టకపోవడమే దానికి సాక్ష్యం. వల లాగే ముందు మేత ఆపడం, ఎండ ముదరక ముందే ముగించడం ఇందుకే.

ప్రవాహంతో నిజంగా పని ఉన్నది గుండ్రటి తొట్లలో. ఇళ్ళ వెనక టార్పాలిన్ బయోఫ్లాక్ తొట్లు (వ్యర్థాలను సూక్ష్మజీవుల ముద్దలుగా, అంటే ఫ్లాక్‌గా మార్చి మళ్ళీ మేతగా తిప్పే పద్ధతి) పెట్టి తిలాపియా చేప వేసినవాళ్ళకు నీళ్ళు తిప్పడం ఎలాగూ తప్పదు, తిప్పకపోతే ఫ్లాక్ అడుగుకు దిగి కుళ్ళుతుంది. గాలి గొట్టాలను ఒకే వాలులో పెడితే నీళ్ళు నిదానంగా ఒక దిక్కుకు తిరుగుతాయి. గోడ పక్కన వేగం ఎక్కువ, మధ్యలో తక్కువ, కాబట్టి చేప తనకు నచ్చిన వేగం దగ్గర తానే నిలబడుతుంది. ఆ నీళ్ళలో చేరే అమ్మోనియాను సూక్ష్మజీవులు తినేయాలంటే వాటికి తీపి కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి 20 గ్రాముల పిండిపదార్థం అన్నది వాడుకలో ఉన్న లెక్క. చిత్తూరు బెల్లానికి పేరున్న చోట దీనికి వెతుక్కోవాల్సిన పని లేదు, రంగు తక్కువై ధర పలకని బెల్లమైనా పనికొస్తుంది. సూక్ష్మజీవులు కట్టిన ఆ ముద్దలను తిలాపియా మళ్ళీ మేస్తుంది, పోయిన ప్రొటీన్‌లో కొంత తిరిగొస్తుంది. అయితే ఆ సూక్ష్మజీవులకూ ఊపిరి కావాలి. చేప, ఫ్లాక్ రెండూ దట్టంగా ఉన్న తొట్టిలో కరెంటు పోతే మామూలు చెరువులోలా తెల్లవారే దాకా సమయం ఉండదు. బ్యాటరీ పంపు కొనకుండా తొట్టి కొన్న ఇంట్లో, రాత్రి ఫ్యాను ఆగిన చప్పుడుకే అందరూ లేచి కూర్చుంటారు.